చైనా పండితుల చదువుగదుల్లో వేరుముద్దలు, మాను బుడిపెలు: ప్రకృతి పనెంత, ఉలి పనెంత?

సువర్ణముఖి:
సభ్యులందరికీ నమస్కారం. మింగ్, చింగ్ రాజవంశాల కాలపు చైనా పండితుల చదువుగదులను గురించి కొంతకాలంగా చదువుతున్నాను. కుంచె, సిరా కణిక, కాగితం, సిరా నూరుకునే రాయి అనే నాలుగింటి ప్రస్తావన ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. వాటి పక్కన బల్లమీద ఒక వంకర కొయ్య, కుంచెలు నిలబెట్టుకునే బుడిపెల తొర్ర, వేరుతో అయిన చిన్న పీఠం వంటివి కూడా బొమ్మల్లో కనిపిస్తాయి గాని, వాటిని గురించిన వివరణ రెండు మూడు వాక్యాలకు మించదు. అవి అడవిలో దొరికినవి దొరికినట్టే తెచ్చి పెట్టినవా, లేక దొరికినట్టు కనిపించేలా చెక్కినవా? చెక్కినవే అయితే చెక్కిన సంగతిని దాచడమెందుకు? చెక్కనివైతే వాటిని పనితనంగా లెక్కించి భద్రపరచడమెందుకు? ఆ కాలపు వాళ్లు ఈ విషయంలో ఏమనుకున్నారో తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.

అక్షరవనం:
సువర్ణముఖి గారూ, మీ ప్రశ్నలో రెండు వైపులూ నిజమే, అందుకే చిక్కు. ముందు పాత సంగతులు చెబుతాను.

హూబే రాష్ట్రంలోని జియాంగ్‌లింగ్ దగ్గర మాషాన్ అనే చోట 1982లో తవ్విన ఒకటవ సమాధిలో, పట్టుబట్టలతో పాటు, వేరుతో చేసిన ఒక విచిత్ర జంతువు బయటపడింది. అది యుద్ధరాజ్యాల కాలంలోని చూ రాజ్యానికి చెందినది, అంటే దాదాపు 2300 సంవత్సరాల నాటిది. వేరు వంపునే ఒంటి వంపుగా ఉంచి, తలనూ కాళ్ల మీది చిన్న ప్రాణులనూ మాత్రం చెక్కారు. కాబట్టి వేరులో ఆకారాన్ని చూసి, దానికి కొంచెం చేయి కలపడమన్నది పండితుల చదువుగదికంటే చాలా పాతదని ఒప్పుకోవాలి.

తాంగ్ కాలపు మంత్రి లీ బీ (722–789) వంకర తిరిగిన దేవదారు కొమ్మను వీపు ఆనించుకోవడానికి వాడుకునేవాడనీ, ఆ తర్వాత డ్రాగన్ ఆకారంలో ఉన్న మరొకటి దొరికితే చక్రవర్తికి సమర్పించాడనీ, దానిని చూసి నలుదిక్కులా జనం అటువంటివే చేయించుకోవడానికి పోటీపడ్డారనీ తాంగ్ వంశ చరిత్రలో ఉంది. అనుకరణలు ఆనాడే మొదలయ్యాయన్నమాట.

అయితే ఈ వస్తువుల వెనుక ఉన్న మనసు తెలియాలంటే సుంగ్ కాలపు సు షున్ (1009–1066) రాసిన చిన్న వ్యాసం చూడాలి. ఆయన ఇంట్లో మూడు శిఖరాల కొండలా కనిపించే ఒక కొయ్య ఉండేది. దానిని వర్ణించడానికి ముందు ఆయన చెట్ల తలరాతలను వరుసగా చెబుతాడు. కొన్ని మొలకగా ఉన్నప్పుడే చస్తాయి, కొన్ని చేతికందే వయసులో పడిపోతాయి, దూలానికి పనికొచ్చేంత పెరిగే అదృష్టం దక్కినవి గొడ్డలికి బలవుతాయి, గాలికి పెళ్లగిలినవి నీటిలో కొట్టుకుపోయి విరుగుతాయి, లేదా కుళ్లుతాయి. వాటన్నిటినీ తప్పించుకుని, ఇసుకలోనూ సుడుల్లోనూ ఎన్ని వందల ఏళ్లో నాని, నీరు కొరికి తినగా మిగిలినది కొండలా కనబడితే, అభిరుచి ఉన్నవాడెవడో దానిని తెచ్చుకుంటాడు. అప్పుడే దానికి బురద నుంచీ గొడ్డలి నుంచీ విముక్తి. అటువంటివి మరెన్నో ఎవరి కంటా పడక కట్టెలు కొట్టేవాళ్ల పొయ్యిలోకి పోయి ఉంటాయని కూడా ఆయనే అంటాడు. నడిమి శిఖరం గంభీరంగా ఉంటే, పక్క రెండూ దానికి లోబడి ఉన్నా ముఖస్తుతి చేసేవిగా లేవని ఆయన రాసిన మాటలో, తననూ తన ఇద్దరు కొడుకులైన సు షి, సు జ అనేవారినీ చూసుకున్నాడని చాలామంది వ్యాఖ్యానించారు.

ఈ విషయం మీద రాసేవారు ఎక్కువగా ప్రాచీన తావో తత్త్వవేత్త జ్వాంగ్‌జీ చెప్పిన పనికిరాని చెట్టు కథతో సరిపెడతారు. వంకరగా, బుడిపెలతో ఉండడం వల్ల వడ్రంగి వదిలేసిన చెట్టు నిండు నూరేళ్లు బతికిందన్న కథ అది. నాకు సు షున్ మాటే ఇక్కడికి ఎక్కువ సరిపోతుందనిపిస్తుంది. జ్వాంగ్‌జీ చెట్టు బతికి ఉన్న చెట్టు, దానిని ఎవరూ ఇంటికి తెచ్చుకోలేదు. సు షున్ కొయ్య చచ్చి, దెబ్బలు తిని, మిగిలినది. పండితుని బల్లమీదికి వచ్చింది ఈ రెండోదే.

తుంగభద్ర:
ఇదంతా వినడానికి బాగుంది. కానీ నాకు ఒక అనుమానం ఉంది. పెద్ద ఉద్యోగాలు, భూములు, ఉప్పు వ్యాపారం ద్వారా వచ్చిన డబ్బు ఉన్నవాళ్లు తమ గదిలో వంకర వేరు పెట్టుకుని మేము నిరాడంబరులమని చెప్పుకోవడం వేషం కాదా? దూలానికి పనికొచ్చే కలపకంటే పొయ్యిలోకి పోవలసిన వేరుకు ఎక్కువ ధర పలికిందంటే, అక్కడ ప్రకృతిపట్ల ప్రేమ కంటే పక్కింటి పండితుడి పట్ల పోటీయే ఎక్కువగా పనిచేసి ఉంటుంది.

అక్షరవనం:
తుంగభద్ర గారూ, మీ అనుమానం ఆ కాలం వాళ్లకే వచ్చింది. నాన్‌జింగ్‌లో పు జొంగ్‌చియెన్ అనే ప్రసిద్ధ వెదురు పనివాడు ఉండేవాడు. ఆ కాలపు రచయిత జాంగ్ దాయ్ ఆయనను తెగ మెచ్చుకున్నాడు. అయితే ఆయన తనకు నచ్చినట్టు చేసేటప్పుడు వేళ్లు పెనవేసుకున్న, ముళ్లు తిరిగిన వెదురునే తీసుకుంటాడనీ, కత్తి పెట్టకపోవడమే గొప్పగా భావిస్తాడనీ, అటువంటి ముక్కను ఆయన కాస్త గీకి నునుపు చేస్తే చాలు దానికి గొప్ప ధర వచ్చేస్తుందనీ, ఇది నిజంగా తనకు అంతుపట్టదనీ జాంగ్ దాయ్ రాశాడు. అదే చోట ఆ పనివాడి పేదరికాన్నీ చెప్పాడు. ఆయన చేయి తాకితే పక్కవాళ్ల దుకాణాలు బాగుపడ్డాయి గాని, ఆయన మాత్రం డబ్బు వెంట పడలేదట.

వేషం ఉందా అంటే ఉంది. అయితే దానికి నియమాలు కూడా ఉన్నాయి, ఆ నియమాలను గట్టిగా పట్టుకుని తప్పొప్పులు పంచినవాడు వెన్ జెన్‌హెంగ్ (1585–1645). ప్రసిద్ధ చిత్రకారుడు వెన్ జెంగ్‌మింగ్‌కు మునిమనుమడు, సుజౌ నగరవాసి. ఇంటి సామాను మీద ఆయన రాసిన గ్రంథంలో వేరుకొయ్యలను గురించి మూడు నాలుగు చోట్ల తీర్పులు ఉన్నాయి, వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ధ్యానానికి కూర్చునే కుర్చీని పాత చెట్టు వేరుతో చేసుకోవచ్చంటాడు. కొమ్ములు నలువైపులా పొడుచుకువచ్చి, వాటికి సొరకాయ బుర్ర, టోపీ, జపమాల, భిక్షాపాత్ర తగిలించుకునేలా ఉండాలి, పచ్చరాయిలా నునుపుగా ఉండాలి, గొడ్డలి గుర్తు కనబడకూడదు. ఈ మధ్య కొందరు దానికి రంగురంగుల పుట్టగొడుగులు అతికిస్తున్నారనీ అది పాముకు కాళ్లు గీయడమేననీ విసుక్కుంటాడు. మంచం మీద చేయి ఆనించుకునే చిన్న పీఠం కూడా, సహజంగా వలయంలా వంగి మూడు కాళ్లు మొలిచిన చెట్టుముక్కతో అయితే మంచిదంటాడు. అదే మనిషి, కుంచెలు ఆనించుకునే పీటల దగ్గరికి వచ్చేసరికి, పాత వేళ్లను మెలికలు తిప్పి గోళ్లూ కోరలూ ఉన్న డ్రాగన్లుగా చేసినవి మొరటువాళ్ల సరుకనీ అసలే వాడకూడదనీ అంటాడు. ఇక చేతిలో పట్టుకునే రూయి కోల విషయంలో, సహజమైన కొమ్మతోనో వెదురు వేరుతోనో చేసినవన్నీ చెత్త అని ఒక్క మాటతో కొట్టేస్తాడు. ఆయనకు వెండి బంగారు తీగ పొదిగిన పాత ఇనుప రూయి కావాలి. తమాషా ఏమిటంటే, ఆయనకు ఒక తరం ముందువాడైన రచయిత తూ లుంగ్ ఉలి తగలని కొమ్మను రాతిలా నునుపు చేసిన రూయిని బాగుందనే అన్నాడు.

సువర్ణముఖి:
అక్షరవనం గారూ, చాలా కృతజ్ఞతలు. కుర్చీకి పనికివచ్చిన వేరు కుంచె పీటకు ఎందుకు పనికిరాలేదు? కొమ్మతో చేసిన ఆనుడుపీట మంచిది, కొమ్మతో చేసిన రూయి చెత్త అనడంలో నాకు పొంతన కనబడడం లేదు. ఆయన మనసుకు తోచినట్టు రాశాడా?

చిత్రిక:
నేను చైనా సాహిత్యం చదివినవాణ్ణి కాను. చెక్కపని చేస్తాను, పాడైన చెట్టువేళ్లను బాగుచేయడం నాకు సరదా. కాబట్టి చేతిపని వైపు నుంచి ఒక మాట చెబుతాను, దాని వల్ల సువర్ణముఖి గారి ప్రశ్నకు కొంత సమాధానం దొరకవచ్చు.

వేరును అలాగే వదిలేస్తే అది వస్తువు కాదు. తవ్వి తీసినప్పుడు దాని నిండా మట్టి, రాళ్లు, బెరడు, పుచ్చు ఉంటాయి. బెరడు ఒలిచి, నీటిలో నానబెట్టో ఉడకబెట్టో రసమూ పురుగూ పోగొట్టాలి, తర్వాత నీడలో నెమ్మదిగా ఆరబెట్టాలి. తొందరపడితే పగులుతుంది. ఆపైన మెత్తబడిన భాగమంతా గీకి చేవను మాత్రమే మిగుల్చుకోవాలి. ఈ గీకడంలోనే అసలు నిర్ణయాలన్నీ ఉన్నాయి. ఎక్కడ ఆపాలి, ఏ కొమ్మును ఉంచాలి, ఏది తీసేయాలి, ఏది అడుగు, ఏది ముఖం. చైనాలో గరుకు కాడలుండే ఒక మొక్కను ఎండబెట్టి మన ఉప్పుకాగితంలా రుద్దడానికి వాడేవారు. చివరికి మైనం, ఆపైన ఏళ్ల తరబడి చేతుల స్పర్శ. వాళ్లలో ఇప్పటికీ చెప్పుకునే లెక్క ప్రకారం ఇందులో మనిషి పని మూడు పాళ్లు, ప్రకృతి పని ఏడు పాళ్లు. ఆ మూడు పాళ్లూ కనబడకుండా చేయడానికి పట్టే శ్రమ మాత్రం తక్కువది కాదు. గోళ్లూ కోరలూ చెక్కడం దానికంటే తేలిక. ఉలి ఎక్కడ జారినా ఇంకో పొలుసు చెక్కి కప్పిపుచ్చవచ్చు.

అందువల్ల వెన్ గారి తీర్పు నాకు అర్థమవుతోంది. కుర్చీకి, ఆనుడుపీటకు వేరు వంపు నిజంగా పనికొస్తుంది. వీపు ఆనుతుంది, చేయి ఆనుతుంది, కొమ్ముకు టోపీ తగులుతుంది. అక్కడ వేరును ఏమీ మార్చనక్కర లేదు. వేలెడంత కుంచె పీటలో డ్రాగన్ కనబడాలంటే వేరును బలవంతపెట్టక తప్పదు.

అక్షరవనం:
చిత్రిక గారు చెప్పినది నిజమే. దానికి ఒకటి కలుపుతాను. ఆయన ఇనుప రూయి కావాలనడానికి కారణం కూడా చెప్పాడు. పూర్వులు దానిని దారి చూపడానికీ ఆపద వస్తే కాచుకోవడానికీ వాడేవారు, కాబట్టి ఇనుముతో చేశారు, అందం కోసం మాత్రమే కాదంటాడు. కొమ్మతో చేసిన రూయి ఆ పనికి రాదు, కేవలం చూపుకు మాత్రమే. అంటే ఆయన కొలబద్దలో మొదటిది వాడుక, రెండోది పాతదనం, మూడోది ఉలి గుర్తు లేకపోవడం. సహజమైనదైతే చాలు అన్నది ఆయన వాదన కానే కాదు. ఇంగ్లీషులో ఈ విషయం మీద రాసేవారు చాలామంది పండితులందరూ ప్రకృతి రూపాన్ని ఆరాధించారని తేల్చేస్తారు. అది మరీ తేలిక చేసి చెప్పడం.

ఆయన మాట చెల్లిందా అంటే చెల్లలేదు. తర్వాత చింగ్ కాలంలో కొమ్మ రూయిలు విరివిగా వచ్చాయి, రాజాస్థానంలోనూ ఆదరణ పొందాయి. ఇదీ తుంగభద్ర గారు అన్న పోటీ ఫలితమే కావచ్చు.

మంచుపల్లె:
అమెరికా నుంచి రాస్తున్నాను. మినియాపొలిస్ కళాసంగ్రహాలయంలో 1797 నాటి చైనా పండితుని చదువుగదిని, కలపతో సహా తెచ్చి, లోపల నడవగలిగేలా నిలబెట్టారు. అక్కడ నిలబడితే నాకు తట్టిన విషయం ఒకటుంది. ఆ గదిలో తలుపులు, కిటికీ జాలీలు, బల్లలు అన్నీ నిలువు గీతలూ అడ్డగీతలే. కీళ్లు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరి ఉంటాయి. అటువంటి చోట ఒక వంకర వేరుకు వచ్చే బలం, అడవిలో వేల వేళ్ల మధ్య దానికి రాదు. బొమ్మల పుస్తకాల్లో ఆ వస్తువును ఒక్కదాన్నే తెల్లని కాగితం మీద అచ్చువేసి చూపడం వల్ల ఈ సంగతి తెలియడం లేదు.

ఎవరైనా ‘ప్రవహించే మేఘం’ అనే తెప్పను గురించి చెబుతారేమో అని ఎదురుచూశాను. బీజింగ్ రాజప్రాసాద సంగ్రహాలయంలో ఉన్న ఆ వేరు ఆసనాన్ని మించిన ఉదాహరణ ఉండదు.

అక్షరవనం:
మంచుపల్లె గారూ, మంచి మాట అందించారు. అది ఒకే వేరులా కనిపించే పెద్ద పడకబల్ల. దాదాపు మూడు మీటర్ల వెడల్పు ఉంటుంది. 1502లో పరీక్షల్లో దేశానికి మొదటివాడిగా నెగ్గిన కాంగ్ హాయ్‌కు చెందినదని ప్రతీతి. యాంగ్‌జౌలో ఆయన పేరు మీద ఉన్న కొండ తోటలో ఉండేది. పండిత రాతగాడు జావ్ హ్వాన్‌గ్వాంగ్ దాని మీద ‘ప్రవహించే మేఘం’ అన్న పేరు చెక్కించాడు. ఆ కాలపు పండితులు దొంగ్ చీచాంగ్, చెన్ జీరూ కూడా దాని మీద వాక్యాలు రాశారు. తర్వాత ఆ తోట ఉప్పు వ్యాపారి జియాంగ్ చున్ చేతికి వచ్చింది, అటుపైన మహాపండితుడు ర్వాన్ యువాన్ ఆ తెప్పను సంపాదించి, నదుల అధికారి లిన్‌చింగ్‌కు కానుకగా ఇచ్చాడు. అది బీజింగ్‌లోని ఆయన ‘అర మూ’ తోటకు (మూ అనేది చైనా భూమి కొలత) చేరింది. 1958లో, చెక్కసామాను పరిశోధకుడు వాంగ్ షిషియాంగ్ చొరవతో, లిన్‌చింగ్ వంశీకుడు దానిని రాజప్రాసాద సంగ్రహాలయానికి ఇచ్చేశాడు.

తెప్ప అనడంలో ఒక కథ ఉంది. హాన్ కాలపు రాయబారి జాంగ్ చియెన్ బోలు మాను తెప్ప మీద ఎక్కి పాలపుంత దాకా పోయాడని వాళ్ల ఐతిహ్యం. వెండి పనివాడు జూ బీషాన్ 1345లో ఆ బోలు మాను తెప్పనే వెండి మద్యపాత్రలుగా పోతపోశాడు. బుడిపెలూ తొర్రలూ అన్నీ వెండిలో కనబడతాయి. కొయ్యను చూసి లోహంలో చేయడం ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది. యీషింగ్ మట్టి టీ కూజాల ఆదిపురుషుడు గుంగ్ చున్ కూడా, గుడి ముంగిట ఉన్న గింకో చెట్టు బుడిపెను చూసి తన మొదటి కూజాను మలిచాడని చెప్పుకుంటారు.

ఇంకొక సంగతి, ఈ తెప్ప మీద అక్షరాలు చెక్కారు కదా! ఉలి గుర్తు ఉండకూడదన్న నియమం అక్షరానికి వర్తించలేదు. పండితుడి దృష్టిలో వడ్రంగి ఉలి వేరు, రాతగాడి ఉలి వేరు. తుంగభద్ర గారు అన్న వర్గగర్వం నాకు ధరల్లో కంటే ఇక్కడే స్పష్టంగా కనబడుతుంది.

తుంగభద్ర:
ఈ చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పేరు చెక్కించినవాళ్ల పేర్లు నాలుగు వందల ఏళ్లుగా నిలిచాయి, ఆ వేరును శుభ్రం చేసి నిలబెట్టినవాడి పేరు ఎక్కడా లేదు.

శేషాద్రి:
చర్చ చదివాను. మా కడప జిల్లా వైపు నుంచి ఒక సంబంధం ఉంది గనుక రాస్తున్నాను. చైనావారు ‘జిథాన్’ అని పిలిచి రాజాస్థానపు సామానుకు వాడిన ముదురు ఊదారంగు కలప, 2000లో వాళ్లు ప్రకటించిన జాతీయ ప్రమాణం ప్రకారం, మన శేషాచలం, వెలిగొండ కొండల్లో పెరిగే ఎర్రచందనమే. ఇది తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. మాను సన్నగా ఉంటుంది, చేవ నీటిలో మునుగుతుంది, ముదిరిన మానుల్లో చాలా వాటికి నడిమిన తొర్ర ఉంటుంది. పది మానుల్లో తొమ్మిది బోలు అని చైనాలో సామెత కూడా ఉందట.

కుంచెలు పెట్టుకునే తొర్ర పాత్రలు జిథాన్‌తో చేసినవి చాలా ఉన్నాయని చదివాను. అవి సహజమైన తొర్రలేనా? ఎర్రచందనం మాను బయట అంత బుడిపెలుగా ఉండదు, నేను చూసినంతలో.

చిత్రిక:
శేషాద్రి గారూ, మీరు చూసినది సరైనదే. జిథాన్ కుంచె పాత్రల్లో ముసలి మానులా, బుడిపెలతో, తొర్రలతో కనిపించేవి చాలావరకు పూర్తిగా చెక్కినవి. అంత ఖరీదైన కలపను తెచ్చి, దానిని పనికిరాని మొద్దులా కనబడేలా చెక్కడం ఆ అభిరుచికి పరాకాష్ఠ. ప్రకృతి ఏడు పాళ్లన్న లెక్క అక్కడ తలకిందులైంది. నాకు అవి నచ్చవని చెప్పలేను, వాటిలో పనితనం అసామాన్యం. కానీ వాటినీ నిజమైన బుడిపె పాత్రనూ ఒకే గాటన కట్టకూడదు.

తేడా పట్టుకోవడానికి చారలను చూడాలి. నిజమైన బుడిపె చుట్టూ చారలు నీటి సుడిలా వంగి తిరుగుతాయి, ఎందుకంటే చెట్టు ఆ ముడి చుట్టూనే పెరిగింది. చెక్కిన బుడిపెలో చారలు నిటారుగా పోతూ ఉంటాయి, ఎత్తుపల్లాలు వాటిని అడ్డంగా కోసుకుంటూ పోతాయి. లోపలి గోడ కూడా చూడండి. సహజమైన తొర్రలో మెత్తబడి రాలిపోయిన చోటు గట్టి చోటు కంటే లోతుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. తవ్విన తొర్ర మందం చుట్టూ ఒకేలా ఉంటుంది. అడుగు భాగం మాత్రం రెండింటిలోనూ రంపంతో కోసినదే, నిలబడాలి కదా! దానిని మోసమనుకోనక్కరలేదు.

సువర్ణముఖి:
వాంగ్ షిషియాంగ్ ప్రస్తావన వచ్చింది గనుక అడుగుతున్నాను. హ్వాంగ్‌హ్వాలీ అనే ఖరీదైన కలపలో ‘దయ్యపు ముఖాలు’ అని మెచ్చుకునే ముడులున్న పలకలు కూడా ఈ కోవలోకి వస్తాయా? అలాగే ఈ రోజుల్లో చైనాలో హోటళ్ల ముందు గదుల్లో కనిపించే భారీ వేరు టీ బల్లలను ఈ సంప్రదాయంగానే భావించాలా?

అక్షరవనం:
దయ్యపు ముఖాలు పలక మీది చారల అందం. కలపను చదునుగా చిత్రిక పట్టాకే అవి కనబడతాయి, కాబట్టి రూపం మనిషిది, బొమ్మ చెట్టుది. బుడిపె పలకలను బల్లల పైభాగంలో పొదగడమూ ఇదే తీరు. దగ్గరి చుట్టరికమే గాని, వేరుకొయ్యల సంప్రదాయం కాదు.

టీ బల్లల విషయంలో నా అభిప్రాయం కటువుగా ఉండవచ్చు. జెజియాంగ్ రాష్ట్రపు కైహువాలో వందల కొద్దీ అర్హతుల (బౌద్ధ సిద్ధుల) విగ్రహాలను పెద్ద వేళ్లతో చెక్కి ఒక విహారస్థలంగా ఏర్పరచారు. అక్కడి శ్రమకు నమస్కరించాల్సిందే. కానీ అది బౌద్ధ విగ్రహ శిల్పానికీ జనరంజకమైన వేరుశిల్పానికీ పుట్టిన బిడ్డ, చదువుగది వారసత్వం కాదు. టీ బల్లల మీద కప్పలు, తామరాకులు, నవ్వే బుద్ధులు కిక్కిరిసి ఉంటాయి. దట్టంగా వార్నీషు పూస్తారు. వెన్ జెన్‌హెంగ్ చూస్తే కుర్చీకి పుట్టగొడుగులు అతికించినవాళ్లే నయమనేవాడేమో.

తుంగభద్ర:
ఒక్క ఆచరణాత్మకమైన ప్రశ్న. పాతదని చెప్పి అమ్మే చిన్న వేరు రూయిలూ కుంచె పాత్రలూ వేలం పాటల్లో కనిపిస్తున్నాయి. చారల సంగతి తెలిసింది, సహజమైనదో చెక్కినదో తేల్చుకోవచ్చు. పాతదో కొత్తదో తేల్చుకోవడం ఎలా?

చిత్రిక:
తుంగభద్ర గారూ, ఇది కష్టమైన ప్రశ్న, ఎందుకంటే నీటిలో వందేళ్లు నానిన వేరుతో నిన్న చేసిన వస్తువు కూడా పాతదానిలాగే కనబడుతుంది. కొయ్య వయసు వేరు, పనితనపు వయసు వేరు. నేను చూసేది మెరుపు ఎక్కడెక్కడ ఉందన్నది. చేతితో పట్టుకునే చోట, చేతివేళ్లు తగిలే గట్ల మీద నునుపు ఎక్కువగా, వేలు పోలేని గుంటల్లో తక్కువగా ఉంటే అది వాడుకలో వచ్చిన మెరుపు. గుంటల అడుగున కూడా అంతే మెరుపు ఉంటే అది డబ్బాలోంచి పూసింది. కొమ్ముల మొనలు కొద్దిగా అరిగి గుండ్రబడ్డాయా అని చూడండి. పాత్ర అయితే లోపల సిరా మరకలు అట్టడుగున, కుంచె కాడలు ఆనే అంచు మీద సన్నని రాపిడి గుర్తులు ఉండాలి. సిరా మరకలు లోపలి గోడ అంతటా సమానంగా ఉన్నవాటిని నేనైతే కొనను. రెండు మూడు చెట్టువేళ్లను కలిపి ఒకటిగా చూపిన చోట్లు కూడా వెతకండి. మడతలోపల సన్నని గీత కనిపిస్తుంది, అక్కడ కొయ్య మేకు ఉంటే పాతకాలపు పని కావచ్చు, తెల్లని జిగురు ఉంటే ఆ అతుకు మాత్రం కొత్తదే. అమ్మేవారు ఛాయాచిత్రాలు పంపితే అడుగు భాగానిది, మడతల లోపలిది, పక్క నుంచి వెలుతురు పడేలా తీసినది అడగండి. ఎదురుగా తీసిన చిత్రంలో ఇవేవీ కనబడవు.